ఓడ పట్టీలో ఊరి పేరు

దక్షిణాఫ్రికాలోని దర్బను నగరమునను, దాని చుట్టుపట్ల చెరకు తోటల సీమలోను నాయుడు, రెడ్డి అను పేర్లుగల కుటుంబములు అనేకము ఉన్నవి. వారి పూర్వులలో పెక్కుమంది కూలి ఒడంబడికపై మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు. మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసు విడిచి నవంబరు 16వ తేదీన దర్బను చేరినది. ఆనాటి నుండి 1911 వరకు నేటాలు సీమకు వెళ్ళిన భారతీయులు 1,52,184 మంది. ఐదేండ్ల ఒడంబడిక, మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము. వారి మునిమనుమలు ఇప్పుడు తాతల ఊరు వెదకుచున్నారు. వారి చేతిలో ఉన్న ఆధారము ఒక్క కాగితము. దానిని ఎట్లు చదువవలెనో చెప్పుటయే నా ఉద్దేశము.

ఆ కాగితము ఓడ పట్టీ నకలు. ఒక్కొక్క మనిషికి ఒక సంఖ్య; పిమ్మట పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపైని గుర్తులు. అన్నిటికంటె విలువైనది ఆ సంఖ్య. దొరతనమువారు మనిషిని పేరుతో కాక సంఖ్యతోనే ఎరుగుదురు. తోట మారినను, పెండ్లి అయినను, మరణించినను కాగితముపై అదే సంఖ్య పడినది. ఆనాడు అది అవమానమే. నేడు వంశము వెదకువారికి అదే దారి చూపుచున్నది. మారిషస్సులో ఇట్టి పుస్తకములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా ఉన్నవి. 1860ల నుండి తీయబడిన ఛాయాచిత్రములు సైతము అక్కడ కలవు.

ఇతర దేశములవారికిని ఈ పని కొత్త కాదు. జర్మనీ నుండి అమెరికాకు వెళ్ళినవారి సంతతివారు 1727 నుండి ఫిలడెల్ఫియా రేవులో వ్రాసిన పట్టీలను వెదకుదురు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసినందున ముల్లరు మిల్లరైనాడు. అయితే ఆ జర్మనులు రాజభక్తి ప్రమాణము చేసి తమ చేవ్రాలు తామే చేసినారు. స్త్రీల పేర్లు, పిల్లల పేర్లు చాలవరకు అందులో లేవు. మన పట్టీలలో చంటిబిడ్డ సైతము ఉన్నది. అది ఆదరముచేత కాదు. కూలి లెక్క తప్పరాదు గనుక.

ఇక చిక్కు ఎక్కడనగా, ఊరి పేరులో. ఇంగ్లీషు లిపిలో తకు టకు, దకు డకు, లకు ళకు భేదము నిలువదు. పైగా కొత్తపల్లి, రామాపురము వంటి పేర్లు తెలుగునాట లెక్కకు మిక్కిలి. కావున గ్రామము పేరు ఒక్కటి చూచి బయలుదేరరాదు. తాలూకాను ముందు తేల్చుకొనవలెను. జిల్లాను నమ్మరాదని నా అభిప్రాయము. జహీరాబాదు ప్రాంతములో కర్ణాటక సరిహద్దుకు చేరువగా చిరాగ్‌పల్లి కలదు. ‘చిరాగు’ పారసీక పదము, దీపమని అర్థము. ‘పల్లి’ మన మాట. జహీరాబాదు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది, పిమ్మట మెదకు జిల్లాలోనిది, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. ఊరు కదలలేదు, చిరునామా కదలినది.

ఓడ పట్టీల విషయములో ఈ మార్పు వెదకువారిని మరింత దూరము తప్పించును. ‘జిల్లా గంజాము, తాలూకా చికాకోల్’ అని ఉన్నదనుకొనుడు. వారు నేరుగా ఒరిస్సాలోని గంజాముకు పోవుదురు. చికాకోల్ అనగా మన శ్రీకాకుళము. 1936లో ఒరిస్సా ఏర్పడినపుడు అది విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో ప్రత్యేక జిల్లా అయినది. అట్లే ‘ఉత్తర ఆర్కాటు’ అని చూచి వేలూరు వెళ్ళువారు ఉందురు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఆ ఉత్తర ఆర్కాటులోనివే. తెలుగువాని మునిమనుమడు ఆ ఒక్క మాట మూలమున తన్ను తాను అరవవాడని ఎంచుకొన్నను ఆశ్చర్యము లేదు.

పట్టీలో ఇంటిపేరునకు గడి లేదు. మన ఊళ్ళలోనో, మనిషిని అడుగుట ఇంటిపేరుతోనే. ‘నాయుడుగారి మునిమనుమడను’ అనినచో ఏ నాయుడని అడుగుదురు! అక్కడ తండ్రి పేరే శరణ్యము.

ఊరు దొరకిన పిమ్మట భూమి లెక్కలు చూతమన్నను ఆశ తక్కువ. వెళ్ళినవారిలో పెక్కుమందికి భూమి లేదు. జమీందారీ గ్రామములలో 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే సర్కారువారి సెటిల్మెంటు జరిగినది. తరతరముల సంగతులెరిగిన కరణముల ఉద్యోగములు 1984లో ఆంధ్రప్రదేశమున రద్దయినవి. కాగితముకంటె నోటిమాట మేలైన తావు ఇది. కాపులకు పిచ్చిగుంట్లవారు, మాదిగలకు డక్కలివారు వంశములు చెప్పుట మన దేశపు వాడుక. ఊరిలో ముదుసలి స్త్రీలను అడుగుట అంతకంటె సులభము. ‘మీ ఇంట సముద్రము దాటి పోయి రానివారు ఎవరైన కలరా?’ అని మాత్రమే అడుగవలెను. పేరు ముందుగా చెప్పినచో, అతిథిని నొప్పింపలేక, అవుననువారు దొరకుదురు.

స్త్రీల విషయములో ఇంకొక జాగ్రత్త కావలెను. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలను పంపవలెనని నియమము. ఒంటరిగా పోయిన స్త్రీలును ఆ పట్టీలలో ఉన్నారు. వారి పేరునకు ఎదురుగా వ్రాసిన గ్రామము పుట్టినిల్లో మెట్టినిల్లో పట్టీ చెప్పదు. ఆ ఊరిలో ఆమెను ఎరిగినవారు లేరనినచో వెనుదిరుగరాదు. ఆ ఊరివారు పిల్లనిచ్చి పుచ్చుకొను ఊళ్ళెవ్వియో కనుగొని అక్కడను విచారింపవలెను.