తెడ్డు ఆపితే కనిపించే పక్షులు



తుంగభద్ర ఒడ్డునో కావేరి ఒడ్డునో బతికే మనకు పక్షులు కొత్త కాదు. పొలంలో తెల్లకొంగ, రేవులో లకుముకి పిట్ట, ఇసుక మీద తీతువు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. అయితే ఒడ్డున మన అలికిడి కాగానే అవి లేచిపోతాయి. అందుకే మనం ఎక్కువగా చూసేది ఎగిరిపోతున్న పక్షి వీపునే. అదే పక్షిని నీటి మీద కూర్చుని చూస్తే ఎలా ఉంటుంది? అలా చూసేవారు పాటించవలసిన మర్యాద ఏమిటి? ఈ రెండు సంగతులూ ఇవాళ చెప్పుకుందాం.

కయాక్ అనే సన్నని పడవ ఇప్పుడు మన నదుల్లోనూ కనిపిస్తున్నది. రెండు కొసలా పలక ఉన్న తెడ్డుతో, కూర్చునే దీన్ని నడుపుతారు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు సీల్ వంటి జంతువుల వేటకోసం, చట్రానికి తోలు కప్పి దీన్ని తయారుచేసుకున్నారు. మన పుట్టి పుట్టుకా దాదాపు అటువంటిదే. వెదురు అల్లి, దానికి తోలు కప్పేవారు. కన్నడంలో దాన్నే హరిగోలు అంటారు, తమిళంలో పరిసల్ అంటారు. ఆనెగొంది దగ్గర తుంగభద్రలోనూ, హొగెనకల్ దగ్గర కావేరిలోనూ పుట్టి ఎక్కినవారు మీలో చాలామంది ఉంటారు. పేరు ఏదైనా గుణం ఒక్కటే. ఇంజను మోత లేదు, పొగ లేదు.

పక్షికి ఎక్కువ భయం కలిగించేది నిలబడి నడిచివచ్చే మనిషి ఆకారం. పడవలో కూర్చున్న మనిషి నీటి మట్టానికి దగ్గరగా, చిన్నగా కనిపిస్తాడు. తెడ్డు ఆపి ప్రవాహానికి వదిలేస్తే కొట్టుకువచ్చే దుంగలా ఉంటాడు. అప్పుడు నీటికాకి రాతి మీద రెక్కలు చాచి ఆరబెట్టుకోవడం తీరిగ్గా చూడవచ్చు. నలుపు తెలుపు లకుముకి పిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, గురిచూసి నిట్టనిలువుగా దూకడం చూడవచ్చు. అదృష్టం ఉంటే నీరుకుక్కలు కూడా కనిపించవచ్చు. తుంగభద్రలో వీటి రక్షణకోసం 2015లో కర్ణాటక ప్రభుత్వం కొంత నదీభాగాన్ని ప్రత్యేకంగా కేటాయించింది.

పడవ మీద పక్షుల్ని చూడడానికి శ్రీరంగపట్నం దగ్గరి రంగనతిట్టు పేరుపొందిన చోటు. 17వ శతాబ్దంలో కావేరికి అడ్డంగా కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడిన దీవులివి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఇక్కడి గూళ్లను చూసి మైసూరు రాజుగారికి చెప్పడంతో 1940లో ఇది రక్షిత స్థలమైంది. 2022లో రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అక్కడ అటవీశాఖ పడవలలోనే వెళ్లాలి. మొసళ్లున్న నీరు కాబట్టి సొంత సాహసాలు కూడదు.

ఇక మర్యాద సంగతి. నదిలో ఎగిరే టెర్న్ అనే పక్షిని మీరు చూసే ఉంటారు. నల్లటి తల, పసుపు ముక్కు, చీలిన తోక. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు బయటపడే ఇసుకతిన్నెల మీద, రాళ్ల మీద అది గుడ్లు పెడుతుంది. పుల్ల కూడా పేర్చదు. గుడ్లు ఇసుక రంగులో కలిసిపోతాయి. తుంగభద్రకు పుట్టినిల్లైన భద్రా నది జలాశయంలో, దీవుల మీద ఈ పక్షులు గుంపులుగా గూడు కడతాయి. మనం ముచ్చటపడి పడవను దగ్గరకు పోనిస్తే తల్లి లేచిపోతుంది. ఎండకు గుడ్డు ఉడికిపోతుంది, లేదా కాకి ఎత్తుకుపోతుంది. మనకది పది నిమిషాల సరదా. ఆ పక్షికి ఆ ఏటి సంతానం. తీతువు పొట్ట ఈకలు నీటిలో తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తుందంటే, ఆ ఎండ ఎలాంటిదో ఊహించుకోండి.

కాబట్టి కొన్ని నియమాలు గుర్తుంచుకోండి. పక్షికి ఎదురుగా పోకుండా ఏటవాలుగా సాగండి. సూర్యుడు మీ వీపు వెనుక ఉండేలా చూసుకోండి. పడవ ఊగుతుంది కాబట్టి ఎనిమిది రెట్లు చూపే దుర్భిణి చాలు, అంతకు మించితే బొమ్మ వణుకుతుంది. పక్షి తినడం మాని మెడ ఎత్తిందంటే అది మొదటి హెచ్చరిక. మీ తల మీద తిరుగుతూ అరిచిందంటే గూడు దగ్గరలోనే ఉన్నట్టు. వెంటనే వెనక్కు తిరగండి. ఎండాకాలంలో ఇసుకతిన్నెల మీద కాలు పెట్టకండి. తేలుడు చొక్కా లేకుండా పడవ ఎక్కకండి. ఆనకట్ట దిగువన ఉన్నవారు నీరు వదిలే వేళలు కనుక్కోకుండా నదిలోకి దిగకండి.

పిల్లల్ని వెంట తీసుకుపోతే వారి చేతికో నోటుపుస్తకం ఇవ్వండి. నీరుకుక్కను కన్నడంలో నీరునాయి అంటారు. ఇలా ప్రతి ప్రాణికీ ఇంట్లో అనే పేరు ఒక పక్క, బడిలో అనే పేరు ఒక పక్క రాయించండి. రెండు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఆ పేర్లు రెండూ ఆస్తే. ఆ పేర్లు పుస్తకంలో మాత్రమే మిగలకుండా, నదిలో పక్షులు కూడా మిగలాలంటే మనం చేయవలసింది పెద్దపని కాదు. తగినంత దూరంలో తెడ్డు ఆపడం, అంతే.