పట్టు తప్పిన మర
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ పూట మన అంశము ఒక చిన్న బోల్టు.

కారు గేర్‌బాక్సును మోసే మౌంటింగు ఒకటుంటుంది. ఒక రబ్బరు దిమ్మ, ఒక ఇనుప పట్టీ, కొన్ని బోల్టులు, అంతే. చాలా కార్లలో గేర్‌బాక్సు పెట్టె అల్యూమినియముతో పోత పోసినది, బోల్టు ఉక్కుది. బోల్టును వంకరగా ఎక్కించినా, అతిగా బిగించినా, మెత్తని అల్యూమినియములోని మరలే చెడిపోతాయి. అప్పుడు బోల్టు తిరుగుతూనే ఉంటుంది గాని పట్టుకోదు.

ఇక్కడే శోధన మొదలవుతుంది. "బోల్టుకు దారం చుట్టి, జిగురు పూసి తోసేద్దాం, పైకి కనబడదు గదా!" అవును, కనబడదు. అయితే బండి గతుకుల్లో ఊగేకొద్దీ ఆ బోల్టు వదులవుతుంది. బరువంతా మిగతా బోల్టులమీద పడుతుంది. ఆ బండిలో కూర్చున్న పిల్లలకు, పెద్దలకు ఈ సంగతి తెలియదు.

మరి సరియైన మార్గమేది? మొదట బండిని స్టాండ్లపై నిలిపి, గేర్‌బాక్సు క్రింద చెక్క పెట్టి జాకీతో ఆనించాలి. బోల్టు రంధ్రము చుట్టూ పగులు ఉన్నదేమో చూడాలి. ఉంటే ఈ పద్ధతి చాలదు. లేకపోతే చెడిన మరలను డ్రిల్లుతో తీసివేయాలి. 10 మి.మీ. బోల్టుకు, 1.5 మి.మీ. మరకు సుమారు 10.4 మి.మీ. డ్రిల్లు కావాలి. ఎంత లోతు వెళ్లాలో డ్రిల్లుపై టేపుతో గుర్తు పెట్టుకోండి. లోతు మించితే పెట్టెకు చిల్లుపడి ఆయిల్ కారవచ్చు. పిమ్మట కిట్టులోని ట్యాపుతో కొత్త మర కోసి, లోహపు పొట్టునంతా శుభ్రము చేయాలి. ఆ మరలోనికి స్టెయిన్‌లెస్ స్టీలు తీగచుట్టను, అంచుకంటే అర చుట్టు లోపలికి దిగేలా ఎక్కించి, దాని అడుగు కొసను తుంచి బయటికి తీయాలి. దీనినే హెలీకాయిల్ అంటారు. ఇక పాత కొలత బోల్టే సరిపోతుంది. బండి పుస్తకములో చెప్పిన మేరకే టార్క్ రెంచితో బిగించాలి.

గమనించండి, ఇలా సరిగా బాగుచేసిన మర అల్యూమినియములో మొదటి మరకంటే గట్టిగా పట్టుకొనగలదు! అయితే చెడినదానిని పూర్తిగా తొలగించిన తరువాతనే అది సాధ్యము.

కాబట్టి మీ మెకానిక్కు వచ్చి, "అయ్యా, మర పోయింది, ఇంకొక పూట పడుతుంది" అని చెప్పినప్పుడు అతనిమీద విసుగుకోకండి. దాచగలిగి కూడా దాచని మనిషి మీ యెదుట నిలిచియున్నాడు. ఆ పూట అతనికి ఇవ్వండి.