కేబుల్ కొనేముందు టీవీ వెనక చూడండి



హనుమకొండ చౌరస్తాలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణానికైనా వెళ్లి హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలని అడగండి. వంద, రెండొందల రూపాయల దాని నుంచి వేలల్లో పలికే దాని దాకా ముందు పరుస్తారు. చూపుకు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏది మంచిదో తేల్చుకోలేక, మరీ చవకది ఎందుకులే అని మధ్య ధరలో ఒకటి తెచ్చుకుంటాం. కేబుల్ ధర పెరిగినంత మాత్రాన టీవీలో బొమ్మ బాగుపడదు. సెట్‌టాప్ బాక్స్ డబ్బాలో ఏ సాకెట్ ఉంది, టీవీలో ఏ సాకెట్ ఉంది, మధ్యలో ఎంత దూరం ఉంది అన్న మూడు సంగతులు తెలిస్తే ఏ కేబుల్ కొనాలో తేలిపోతుంది. అందుకే దుకాణానికి బయలుదేరే ముందు టీవీ వెనక భాగాన్నీ, సెట్‌టాప్ బాక్స్ వెనక భాగాన్నీ ఫోన్‌తో ఒక్కో ఫొటో తీసుకోండి. దుకాణదారుకు ఆ ఫొటోలు చూపిస్తే సగం పని అయిపోయినట్టే.

మన ఇళ్లలో ఇన్ని రకాల వైర్లు ఎందుకు పోగయ్యాయో రెండు మాటల్లో చెబుతాను. దేశంలో కేబుల్ టీవీని దశలవారీగా డిజిటల్‌గా మార్చారు. మొదట మెట్రో నగరాలు, ఆ తర్వాత 2013లో హైదరాబాద్, విశాఖపట్నంతో సహా 38 నగరాలు మారాయి. వరంగల్ లాంటి మిగతా పట్టణాలకు 2015 డిసెంబర్ 31 గడువు పెట్టారు, పల్లెలకు 2017 మార్చి దాకా సమయం ఇచ్చారు. అప్పుడు ఇంటింటికీ డబ్బాలు వచ్చాయి. చాలా ఇళ్లలో ఇంకా పాత డబ్బా టీవీలే ఉండేవి కాబట్టి, ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరుతో కలిపేసి వెళ్లారు. తర్వాత టీవీ మారింది, డబ్బా కూడా మారి ఉండవచ్చు, ఆ మూడు రంగుల వైరు మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది.

ఆ మూడింటిలో బొమ్మ వచ్చేది పసుపు పిన్నులోనే. తెలుపు ఎడమవైపు శబ్దానికి, ఎరుపు కుడివైపు శబ్దానికి. వెలుగునీడల సమాచారాన్నీ రంగుల సమాచారాన్నీ కలగలిపి ఆ ఒక్క పసుపు తీగలోనే పంపుతారు. టీవీ వాటిని మళ్లీ విడదీయాలి. ఆ విడదీతలో అంచులు చెదురుతాయి, చిన్న అక్షరాల చుట్టూ రంగు పాకుతుంది. పైగా ఆ దారిలో వచ్చే బొమ్మ 576 గీతల్లోనే ఉంటుంది. మీరు నెలనెలా హెచ్‌డీ చానళ్లకు డబ్బు కడుతూ డబ్బాను పసుపు పిన్నుతో కలిపి ఉంటే, మీ టీవీలో కనిపించేది హెచ్‌డీ కాదు. ఇవాళే ఒకసారి వెనకకు వెళ్లి చూడండి. డబ్బాకు హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటే మామూలు కేబుల్ ఒకటి తెచ్చి పెట్టండి. తేడా ఇంట్లో పెద్దవాళ్లకు కూడా కనిపిస్తుంది.

హెచ్‌డీఎంఐ ప్రమాణం మొదటిసారి 2002 డిసెంబర్‌లో వచ్చింది. బొమ్మ, శబ్దం రెండూ డిజిటల్ రూపంలో ఒకే తీగలో వెళ్తాయి. డిజిటల్ కాబట్టి దీని జబ్బులు వేరు. కేబుల్ బాగాలేకపోతే తెరమీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ క్షణంపాటు నల్లగా మారి మళ్లీ వస్తుంది, లేదంటే అసలు సిగ్నలే లేదంటుంది. అంతే తప్ప రంగులు వెలిసిపోవడం, బొమ్మ మసకబారడం కేబుల్ వల్ల జరగవు. బంగారు పూత ఉంది, తీగ లావుగా ఉంది కాబట్టి రంగులు మరింత నిండుగా వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. నల్లా పైపు ఎంత ఖరీదైనదైనా ట్యాంకులో ఉన్న నీళ్లే కదా వచ్చేది.

అట్టపెట్టె మీద 2.0 అనో, 2.1 అనో పెద్ద అక్షరాలతో వేస్తుంటారు. ఆ అంకెలు పరికరాలకు సంబంధించినవి. కేబుళ్లకు వేరే పేర్లున్నాయి, అవి చూడండి. హై స్పీడ్ అని ఉంటే మామూలు హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సుకు, డీవీడీ, బ్లూ-రే ప్లేయర్లకు బాగా సరిపోతుంది. ఫోర్‌కే బొమ్మ సెకనుకు 60 ఫ్రేములతో కావాలంటే ప్రీమియం హై స్పీడ్ తీసుకోండి. అది సెకనుకు 18 గిగాబిట్లు మోయగలదు. కొత్త తరం గేమింగ్ పరికరాన్ని ఫోర్‌కేలో 120 ఫ్రేములతో ఆడే పిల్లలున్న ఇంటికి 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్ కావాలి. ఈ రెండు రకాలకూ పెట్టె మీద ఫోన్‌తో స్కాన్ చేసే ధ్రువీకరణ లేబుల్ ఉంటుంది. లేబుల్ లేకుండా పేరు మాత్రమే ఉంటే పక్కన పెట్టండి. కేబుల్ మార్చినా ఫోర్‌కే పూర్తి రంగులతో రావడం లేదంటే టీవీ సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టును ఎన్‌హాన్స్‌డ్ అనే పద్ధతిలోకి మార్చారో లేదో చూడండి. ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది.

పొడవు దగ్గర మాత్రం జాగ్రత్త. ఎందుకైనా మంచిదని పది మీటర్లది కొని చుట్ట చుట్టి టీవీ వెనక దాచకండి. మీటరున్నర, రెండు మీటర్లు చాలా ఇళ్లకు సరిపోతాయి. ఫోర్‌కేకి మామూలు రాగి కేబుల్ అయిదు మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది. ప్రొజెక్టరుకు హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తీసుకెళ్లాలంటే ఆప్టికల్ ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ దొరుకుతుంది. దానికి దిశ ఉంటుంది. సోర్స్ అని రాసిన చివర డబ్బాకు, డిస్‌ప్లే అని రాసిన చివర తెరకు పెట్టాలి. కొత్తిల్లు కట్టుకుంటున్నవాళ్లు గోడలో కేబుల్‌ను సిమెంటుతో పూడ్చేయకుండా, వెడల్పాటి పైపు వేసి అందులోంచి లాగించండి. పదేళ్లకు కేబుల్ మారుతుంది, గోడ పగలగొట్టాల్సిన పని ఉండకూడదు.

సౌండ్‌బార్ కొన్నవాళ్లు టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్లలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న దానికే కలపాలి. పక్కదానికి కలిపితే టీవీ శబ్దం సౌండ్‌బార్‌కు రాదు.

ఆన్‌లైన్‌లో ఒక వైరు అమ్ముతుంటారు. ఒక చివర హెచ్‌డీఎంఐ, రెండో చివర మూడు రంగుల పిన్నులు. పాత టీవీకి కొత్త డబ్బా కలపొచ్చనుకుని కొంటారు, బొమ్మ రాదు. డిజిటల్ సంకేతాన్ని పాత రకం సంకేతంగా మార్చడానికి మధ్యలో ఒక సర్క్యూట్, దానికి కరెంటు కావాలి. కాబట్టి కొనాల్సింది విడిగా కరెంటు తీసుకునే చిన్న కన్వర్టర్ పెట్టె. అందులోనూ హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి, అంటే మూడు రంగుల పిన్నులకు, మార్చేది వేరు, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరు. మీకు ఏది కావాలో దుకాణంలో విడమరిచి చెప్పండి.

డిష్ ఉన్న ఇళ్లకు ఒక మాట. మిద్దె మీంచి వచ్చే తీగ ఆర్‌జీ-6 రకమై ఉండాలి. వానాకాలం ముందు దాని బిగింపు చూడండి, నీళ్లు చేరితే లోపలి రాగి తుప్పు పడుతుంది. ఉరుములు మెరుపులు వచ్చే సూచన కనిపిస్తే, అవి మొదలయ్యేలోపే ప్లగ్గు తీసేయండి, అంతటితో ఊరుకోకండి. డిష్ తీగ కూడా డబ్బా నుంచి విప్పండి. పిడుగు దగ్గర్లో ఎక్కడైనా పడితే ఆ తీగ గుండా డబ్బాలోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ గుండా టీవీలోకి విద్యుత్ పోటు రావచ్చు. మామూలు రోజుల్లో కూడా హెచ్‌డీఎంఐ తీసి పెట్టేటప్పుడు రెండు పరికరాల స్విచ్చులూ కట్టేయండి.

ఇక పసుపు పిన్నుకు ఇంకా మిగిలి ఉన్న ఒక పని గురించి చెప్పాలి. పెళ్లిళ్ల వీడియో క్యాసెట్లు, డీవీడీలు ఎన్నో ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. ఇప్పుడు లేని తాతయ్యలు, నానమ్మలు వాటిలో ఉన్నారు. కొత్త టీవీ కొన్నాక పాత ప్లేయర్ కలపబోతే మూడు రంధ్రాలు కనిపించవు. నిరాశపడకండి. కొన్ని టీవీలకు పక్కన ఏవీ అని రాసిన ఒక చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది, టీవీతో వచ్చిన పొట్టి వైరు అందులో పెట్టాలి. బయట కొన్న వైరు పెడితే పిన్నుల వరస మారి బొమ్మకు బదులు రొద రావచ్చు, అప్పుడు రంగులు పట్టించుకోకుండా పిన్నులు అటూ ఇటూ మార్చి చూడండి. మరికొన్ని టీవీలకు పచ్చ రంగు సాకెట్ ఉంటుంది, పక్కన వీడియో అని కూడా రాసి ఉంటే పసుపు పిన్ను అందులోనే పెట్టాలి. అవేవీ లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే పెట్టె కొనుక్కోండి.

అయితే క్యాసెట్ల విషయంలో చూడటంతో ఆగకండి. ప్రపంచంలో ఈ క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో వాటి తయారీ ఆపేసింది. రిపేరుకు విడిభాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది, టేపు మీది పూత కూడా ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో ఇంట్లోనే కంప్యూటర్లోకి ఎక్కించవచ్చు, లేదా పని తెలిసిన స్టూడియోలో ఇవ్వవచ్చు. మీ బీరువాలో అలాంటి క్యాసెట్ ఉంటే, నడిచే వీసీఆర్ దొరుకుతున్నప్పుడే కాపీ చేయించి రెండు చోట్ల భద్రపరచండి.