సంతకొచ్చిన సముద్రం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు సముద్రం లేదు. అయినా సంతలో కరువాడు, అంటే ఎండుచేపల వాసన తెలియనివాళ్ళూ లేరు.

తీరంలో అలివి వల ఒక కొసను ఒడ్డునే ఉంచి, పడవతో వలను అర్ధచంద్రంగా దింపి, రెండో కొసను మళ్ళీ ఒడ్డుకు తెస్తారు. రెండు వైపులా జనం నిలబడి మోకులు లాగుతారు. పెద్ద చేపలు పచ్చిగానే అమ్ముడుపోతాయి. మిగిలిన నెత్తళ్ళు, కవ్వళ్ళు లాంటి చిన్న చేపలను ఎండబెడతారు. తినడానికి పనికిరానివి పొడిగా మారి కోళ్ళ మేతలో కలుస్తాయి. ఏదీ వృథా కాదు.

నెత్తళ్ళను ముల్లుతో సహా తింటాం కనుక ఎముకలకు కావలసిన కాల్షియం అందుతుంది. పేదింటికి ఇది చిన్న మేలు కాదు. తలలు గిల్లి, వేడినీళ్ళలో రెండు మూడుసార్లు కడిగితే ఇసుక, ఉప్పు తగ్గుతాయి. మదనపల్లె టమాటాలతో పులుసు పెడితే రాగి సంగటికి సరిజోడు.

ఇసుక అంటని సరుకు కావాలంటే, కొనేటప్పుడు మాత్రం ఇసుకలో ఎండినదా, పందిరి మీద ఎండినదా అని తప్పకుండా అడగండి.