ఎఱ్ఱచందనము: నాటుటయు, వ్రాయుటయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. ఈ వయస్సున ఎఱ్ఱచందనము ఇంకను బాలవృక్షమే. చుట్టును తెల్లకఱ్ఱ, నడుమ ఎఱ్ఱని చేవ అప్పుడప్పుడే చిక్కబడుచుండును.

ఈ చెట్టునకు పుట్టినిల్లు మన శేషాచలము, పాలకొండలు, వెలిగొండలు, వాని చుట్టుపట్ల కొండలే. శ్రీచందనమువలె దీనికి పరిమళము లేదు. వన్నెయే దీని సొత్తు. మన పిల్లలాడుకొన్న తిరుపతి కొయ్యబొమ్మలును, జపానువారి షామిసెన్ అను తంత్రీవాద్యమును ఈ కఱ్ఱతో చేసినవే. ఆ వన్నెయే దానికి శత్రువైనది. దొంగనరకుడు మితిమీరగా, 1995లో సైటిస్ ఒప్పందము దీని విదేశవ్యాపారమునకు కట్టుబాట్లు విధించినది. 2010లో శేషాచలము జీవావరణ రక్షిత ప్రాంతమైనది.

ఇంగ్లండులో 1960ల పిమ్మట ఒక శిలీంధ్రరోగముచే రెండు కోట్లకు పైగా ఎల్మ్ వృక్షములు నశించినవి. మన చెట్టునకు పట్టిన రోగము గొడ్డలి. దాని మందు మన చేలగట్ల మీదనే కలదు. పొలమున పెరిగిన కఱ్ఱ దొరకినకొలది అడవికి ఊపిరి సలుపును.

దీని కాయ గుండ్రముగా, చుట్టును రెక్కతో బిళ్లవలె నుండును. వేసవి మొదట ఎండిన కాయలేరి, రెక్కలు త్రుంచి, పేడనీట కొన్ని దినములు నానవైచి విత్తవలెను. గులకరాళ్ల ఎఱ్ఱనేల దీనికి హితము. నీరు నిలిచిన చచ్చును, నీడ నోర్వదు. మొక్కకు మొక్కకు 12, 13 అడుగుల ఎడముండవలెను.

ఇక నా తప్పొకటి ఒప్పుకొందును. నేను భూమి లెక్కలు వ్రాయువాడను. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, మన ఊరి రైతొకరు గట్టుపై 40 మొక్కలు నాటిరి. గట్టు చెట్లు పంటయా యని తలచి, అడంగలులో నేను వేరుశనగ అని మాత్రము వ్రాసితిని. పట్టాభూమిలోనిదైనను అటవీశాఖ అనుమతి లేనిదే ఈ చెట్టును కొట్టరాదు, తరలింపరాదు. కూతురి పెండ్లికై చెట్లు అమ్మజూచినప్పుడు, అవి తాను నాటినవని చూపుటకు ఆయన చేత ఒక్క అక్షరము లేకపోయెను. పెండ్లి అప్పుతో జరిగినది. ఆ అప్పులో నా కలమునకును వంతు కలదు.

కావున నాటినవారు ఆ యేడే వ్రాయింపుడు. నేడు గ్రంథాలయపు ఆవరణమున నాటు మొక్కను మన రిజిస్టరులో తేదీతో సహా నా చేతులారా వ్రాసెదను. స్వర్ణోత్సవమునాడు మన పిల్లలు ఆ పుట తెరచి, చెట్టుతో సరిచూచుకొందురు గాక!