చెత్త ఎత్తిన చెయ్యి ఎవరిది?
(ప్రసంగ పాఠం)



చెత్త గురించి మాట్లాడమంటే మనకి కొత్తేముంది! తరతరాలుగా మన నెత్తి మీదే ఉంది కదా. కానీ ఇవాళ నేను మాట్లాడేది మ్యూజియం ఎక్కిన చెత్త గురించి, గొప్ప కళగా చలామణీ అవుతున్న చెత్త గురించి.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో జర్మనీలోని హానోవర్‌లో కుర్ట్ ష్విట్టర్స్ అనే చిత్రకారుడు వాడేసిన ట్రాం టికెట్లు, చిత్తు కాగితాలు, చెక్కముక్కలు ఏరుకొచ్చి, అంటించి బొమ్మలు చేశాడు. 1919లో వాటికి 'మెర్జ్' అని పేరు పెట్టాడు. వ్యాపారం అనే అర్థమున్న 'కొమ్మెర్జ్' మాటలోంచి చిరిగి మిగిలిన తునక అది. యుద్ధం అన్నిటినీ ముక్కలు చేసింది, ఇక ముక్కలతోనే కొత్తది కట్టుకోవాలి అన్నాడాయన. నూనె రంగులూ, బంగారు చట్రాలూ ఉంటేనే కళ అనే పెద్దమనుషులకి అది చెంపపెట్టే. 1960లో అర్మాన్ పారిస్‌లో ఒక గ్యాలరీని నిండా చెత్తతో నింపేశాడు. చూసేవాళ్లు బయట వీధిలో నిలబడి అద్దంలోంచి చూడాల్సొచ్చింది. ఇంతవరకూ మనకు పేచీ లేదు.

1961లో ఇటలీ చిత్రకారుడు పియెరో మంజోని ఇంకో అడుగు వేశాడు. లోపలున్నది తన మలమేనని చీటీ అంటించి 90 డబ్బాలు సీలు చేశాడు. డబ్బాకి 30 గ్రాములు. అంత బరువు బంగారం ఎంతైతే డబ్బా ధర అంత! కళని సరుకు చేసిన సంతని వెక్కిరించడానికే ఈ పని చేశాడంటారు. సంత ఆ వెక్కిరింపుని కూడా కొనేసింది. 2016లో మిలాన్ వేలంలో ఒక డబ్బా 2,75,000 యూరోలు పలికింది. అంటే దాదాపు రెండు కోట్ల రూపాయలు. అదే ఏడాది మన దేశంలో మురుగు గొట్టంలో దిగి ఊపిరాడక చనిపోయిన మనిషి కుటుంబానికి, 2014 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, రావాల్సింది పది లక్షలు. 2023లో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. మలానికి రెండు కోట్లు, మలంలో దిగి చచ్చినోడికి పది లక్షలు. అదీ తిరిగి తిరిగి రాబట్టుకుంటేనే!

మహిమ మలంలో లేదు, ముట్టుకున్న చేతిలో ఉంది. పేరున్న చెయ్యి ముడితే చెత్త బంగారమైపోతుంది. మన చెయ్యి ముడితే మంచినీళ్లు కూడా మైలపడతాయి. ఈ రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ.

2011లో జర్మనీలోని డోర్ట్‌మండ్ మ్యూజియంలో శుభ్రం చేసే ఆమె కిప్పెన్‌బెర్గర్ కళాఖండంలోని తొట్టికున్న మరకని శుభ్రంగా తోమేసింది. ఆ మరకే కళట! దాని విలువ 8 లక్షల యూరోలట! లోకమంతా ఆమెను చూసి నవ్వింది. నేనడుగుతున్నా, ఆమె తప్పేముంది? రోజూ ఆమె తోమబట్టే కదా ఆ మ్యూజియం మ్యూజియంలా ఉంది! ఆ పనికి మాత్రం గోడ మీద ఎక్కడా పేరుండదు.

ఈ ముక్క గట్టిగా పట్టుకున్న చిత్రకారిణి ఒకామె ఉంది. న్యూయార్క్‌లో మియెర్లే లేడర్‌మన్ యూకలిస్. బిడ్డ పుట్టాక ఇంటి చాకిరీ మీదపడింది. 1969లో ఒక మేనిఫెస్టో రాసింది. విప్లవమైతే వస్తుంది సరే, సోమవారం పొద్దున చెత్త ఎత్తేదెవరని అడిగింది. 1973లో హార్ట్‌ఫర్డ్‌లో ఒక మ్యూజియం మెట్లు మోకాళ్ల మీద కూచుని కడిగి, ఇదే నా కళ అంది. 1979-80లో ఊరంతా తిరిగి 8,500 మంది సఫాయి కార్మికులకి, ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, ఈ నగరాన్ని బతికిస్తున్నందుకు థాంక్స్ చెప్పింది. ఒక కార్మికుడు ఆమెకో మాట చెప్పాడు. మండుటెండలో ఒకింటి మెట్ల మీద కాసేపు కూర్చుంటే ఆ ఇంటావిడ కంపు కొడుతున్నారని తరిమేసిందట. ఆ మాట ఏళ్ల తరబడి గొంతులో ముల్లులా ఉండిపోయిందట. అరుగెక్కనివ్వని మాట మనకీ తెలుసు. కాకపోతే అక్కడ అతను ఆ పనికి ఉద్యోగంగా వెళ్లాడు. మనకి ఆ పనిని పుట్టుకతోనే అంటగట్టారు. చెయ్యి కలిపితే జీతం పెరగదు, నిజమే. కానీ చెత్తని కాదు, చెత్త ఎత్తే మనిషిని చూడమంది. అది చిన్న సంగతి కాదు.

ఇంతకంటే గొప్ప బొమ్మ కార్మికులే చేశారు. 1968 ఫిబ్రవరిలో అమెరికాలోని మెంఫిస్‌లో ఇద్దరు నల్లజాతి కార్మికులు చెత్త లారీ యంత్రంలో నలిగి చచ్చిపోయారు. సుమారు 1,300 మంది సమ్మెకు దిగారు. చేతుల్లో అట్టలు, వాటి మీద ఒకే మాట: 'నేను మనిషిని'. వాళ్లకి అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ని ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. ఆ అట్టముక్కలు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. చెత్త మోసిన చేతులే వాటిని మోశాయి.

మన దేశంలో సుధారక్ ఓల్వే ముంబయి పారిశుధ్య కార్మికుల్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీశారు. వాళ్లలో అత్యధికులు దళితులే. ఆ ఫొటోల్లో చెత్త అందంగా కనపడదు. మనుషులు మాత్రం మనల్ని సూటిగా చూస్తారు.

పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేశారు. అయినా మ్యాన్‌హోళ్లలో చావులు ఆగలేదు. కాబట్టి చెత్తతో కళ చేసే మిత్రులకి నేను చెప్పేదొకటే. చెయ్యండి, వద్దనం. కానీ ఆ చెత్త మీ స్టూడియోకి నడిచి రాలేదు. దాన్ని ఎత్తినవాడి పేరేంటో, కూలెంతో, కులమేంటో మీ బొమ్మ కింద రాయండి. రాయలేకపోతే మేమే రాస్తాం.

జై భీం.