కడుపుతో ఉన్న కోడలి కంచం



మన తడ 2022 దాకా నెల్లూరు జిల్లాలోనిదే. 1992లో సారాపై దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డది ఆ జిల్లాలోనే. అయినా గర్భిణికి ‘ఒక గ్లాసు కల్లయితే ఏమవుతుంది’ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. కల్లయినా, బ్రాందీ అయినా మాయ దాటి బిడ్డ రక్తంలో కలుస్తుంది. ఎదుగుదల తగ్గుతుంది, మెదడు దెబ్బతింటుంది. ఇంతవరకు ఫరవాలేదనే కొలత లేదు. సియాటిల్ డాక్టర్లు 1973లోనే ఈ జబ్బుకు పేరు పెట్టారు.

మా ఇంట్లో తాగుడు లేదు. తప్పు వేరేచోట జరిగింది. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని మా అమ్మ మా ఆవిడకు అరకడుపు అన్నమే పెట్టేది. పెద్దవాడు రెండు కిలోలే పుట్టాడు; రెండున్నరకు తగ్గితే తక్కువ బరువే. ఆఫీసులో ప్రతి కాగితం చూసిన నేను ఆ కంచం చూడలేదు. మొన్న మనవరాలికి నెల తప్పిందని తెలియగానే పప్పు, ఆకుకూర, గుడ్డు, ఐరన్ మాత్ర వేళకు అందుతున్నాయా అని నేనే అడుగుతున్నాను. ‘తాతా, మళ్లీ లెక్కలా!’ అని నవ్వుతుంది.